పిలకపిట్ట

దీని ఇంగ్లీషు పేరు టఫ్టెడ్ టిట్‌మౌస్. పేరు చివర ఎలుక ఉందని కంగారు పడనక్కర్లేదు. ఎలుకకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పాత ఇంగ్లీషులో ‘మాసె’ అంటే ఒక రకం చిన్న పిట్ట. ‘టిట్’ అంటే చిన్నది. కాలక్రమాన ‘మాసె’కి అర్థం ఏమిటో జనం మరిచిపోయారు. అప్పుడు చెవికి దగ్గరగా ఉన్న ‘మౌస్’ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. మన ఊళ్ళ పేర్లు తెల్లవాళ్ళ నోట్లో పడి ఏమయ్యాయో మనకి తెలుసు. ఇక్కడ వాళ్ళ మాటని వాళ్ళే అలా చేసుకున్నారు.

పిట్ట జానెడు కూడా ఉండదు. ముక్కు కొస నుంచి తోక కొస దాకా సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 20 గ్రాములు, అంటే నాలుగు నికెల్ నాణేలంత. వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు, రెక్కల కింద పక్కలకి కాస్త ఇటికరంగు పూత. పెద్ద పెద్ద నల్లని కళ్ళు. ముక్కు మీదుగా నుదుట నల్లటి మచ్చ, చంటిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు. నెత్తిన మాత్రం కోసుగా ఒక పిలక. కోపం వస్తే నిక్కబొడుచుకుంటుంది, భయం లేనప్పుడు వెనక్కి వాలుతుంది. మన పిగిలిపిట్టకి ఉంటుందే, ఆ బాపతు. మా అమ్మ మొదటిసారి చూసిన రోజునే దానికి పిలకపిట్ట అని పేరు పెట్టేసింది. శాస్త్రజ్ఞులు దీన్ని బైయోలోఫస్ అనే ప్రజాతిలో వేశారు. ఆ గ్రీకు మాటకి అర్థం ‘చిన్న జుట్టు’ అని నేను తరవాత చదివి చెబితే, “అయితే వాళ్ళూ నాలాగే చూశారన్నమాట” అంది. ఇక నుంచి నేనూ ఆ పేరే వాడతాను.

ఇది అడవిపిట్ట. పెద్ద పెద్ద ఓక్, బీచ్, మేపుల్ చెట్లున్న అడవులు దాని అసలు ఇల్లు. అయితే అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మనం ఇళ్ళు కట్టుకున్న చోట్లన్నీ ఒకప్పుడు అడవులే. కాబట్టి పాత చెట్లు నాలుగు మిగిలి ఉన్న పెరడు ఏదైనా దానికి పనికొస్తుంది. న్యూజెర్సీలో మా ఇంటి వెనక అలాంటి చెట్లు పది పన్నెండు ఉన్నాయి. టెక్సాస్ నడిబొడ్డు దాటాక పిలక నల్లగా ఉండే దీని దాయాది కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్నవారికి మచ్చా గిచ్చా లేని ఓక్ టిట్‌మౌస్ ఉంది. మన తూర్పు కనుమల్లో కూడా పసుపూ నలుపూ రంగుల్లో, నెత్తిన పిలకతో ఈ కుటుంబపు పిట్ట ఒకటుంది. అది కొండలు దిగి మన పల్లపు ఊళ్ళలోకి రాదు గనక మనలో చాలామంది చూసి ఉండరు.

మా అమ్మ 2019 నవంబరులో వచ్చింది. ఆర్నెల్లు ఉండి వెళ్ళాలని ఏర్పాటు. తల్లిదండ్రుల్ని చలికాలంలో తీసుకురాకూడదని తెలిసి కూడా సెలవులూ టిక్కెట్లూ కలిసొచ్చి మనమందరం ఎప్పుడో ఒకప్పుడు తీసుకొస్తాం. పొద్దున్నే నేనూ మా ఆవిడా ఆఫీసులకి, పిల్ల బడికి. సాయంత్రం దాకా ఇంట్లో మనిషి అలికిడి ఉండదు. తణుకు పక్క పల్లెటూళ్ళో వాకిట్లో కూర్చుంటే దారిన పోయేవాళ్ళు పదిమంది పలకరించే మనిషికి ఇక్కడ పలకరించేది ఫర్నెస్ చప్పుడొక్కటే. టీవీ పెట్టమంటే వద్దంది. “అందులో వాళ్ళు మాట్లాడతారు గాని నా మాట వినరు కదరా” అని సబబైన కారణమే చెప్పింది. వంటింటి కిటికీ బయట మా అమ్మాయి ఒక గింజల డబ్బా వేలాడదీసి, అందులో నల్ల పొద్దుతిరుగుడు గింజలు పోసింది. అమ్మ కుర్చీ అక్కడికి జరిపింది.

ఆ డబ్బా దగ్గరకి ఫించ్‌లు వస్తాయి, పిచ్చుకలు వస్తాయి. అవి వచ్చాయంటే బంతిలో కూర్చున్నట్టే, కడుపు నిండేదాకా లేవవు. కింద పొట్టు, మీద పోట్లాట. పిలకపిట్ట పద్ధతి వేరు. ముందు పక్క కొమ్మ మీద వాలి అటూ ఇటూ చూస్తుంది. చటుక్కున వచ్చి ఒక్క గింజ, ఉన్నవాట్లో కాస్త పెద్దది చూసి తీసుకుంటుంది. వెంటనే చెట్టుకి వెళ్ళిపోతుంది. అక్కడ గింజని రెండు కాళ్ళ మధ్యా బిగించి, ముక్కుతో టక టక కొట్టి పప్పు తీసుకుంటుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ ఒక్కటే. రెండోది నోట్లో వేసుకోవడం నేను చూడలేదు. “మర్యాదస్తుల పిల్ల” అని అమ్మ తీర్మానించింది.

మర్యాద సంగతేమో గాని ముందుచూపు మాత్రం ఎక్కువ. అది తీసుకెళ్ళిన గింజలన్నీ తినదు. శీతాకాలం ముందరా, శీతాకాలంలోనూ వాటిని ఒలిచి బెరడు సందుల్లో, కొమ్మల పగుళ్ళలో ఒక్కో చోట ఒక్కొక్కటిగా దాస్తుంది. గింజలు దొరికిన చోటుకి 40 మీటర్ల లోపే ఈ దాపరికమంతా. ఒకే చోట కుప్ప పోస్తే ఒక్క ఉడుత చాలు మొత్తం కాజేయడానికి. మనవాళ్ళు ధాన్యం పాతర వేసేవారు. ఇది వంద పాతరలు వేస్తుంది, పాతరకో గింజ. మంచు పడి డబ్బా మూతి గడ్డకట్టిన రోజున కూడా పిలకపిట్ట మేపుల్ చెట్టు బెరడులోంచి ఏదో లాక్కుని తినడం చూసి, అమ్మ పిల్లని పిలిచి మరీ చూపించింది.

ఈ పిట్ట చలికి వెరచి దక్షిణానికి పోదు. రాబిన్‌లు చాలా భాగం పోతాయి, వార్బ్లర్‌లు సముద్రాలు దాటిపోతాయి. ఇది పుట్టిన అడవికి ఆ పక్కా ఈ పక్కా ఉండిపోతుంది. జనవరిలో సున్నా ఫారెన్‌హీట్ దగ్గరికి దిగిన రాత్రి తెల్లవారాక కూడా ఈ 20 గ్రాముల ప్రాణి డబ్బా దగ్గర హాజరు. చలికాలం దాటించేవి మూడు: దాచుకున్న గింజ, చెట్టు తొర్ర, తోటివాళ్ళు.

తోటివాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. శీతాకాలంలో ఇది ఒంటరిగా తిరగదు. చికడీలు, నట్‌హ్యాచ్‌లు, చిన్న వడ్రంగిపిట్టలు కలిసి ఒక బృందంగా అడవంతా తిరుగుతాయి. జాతులు వేరైనా దారి చూపేది సాధారణంగా పిలకపిట్టే. తక్కినవి దాని వెనక నడుస్తాయి. కారణం దాని కళ్ళూ, నోరూ. డేగ గాలిలో వస్తుంటే సన్నగా, వినీ వినపడనట్టు ‘సీ’ అంటుంది. అంతే, ఆ చుట్టుపక్కల ఉన్న పిట్టలన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. అదే గుడ్లగూబో పిల్లో ఎక్కడో కూర్చుని కనిపిస్తే సద్దు వేరు. గొంతు బొంగురు చేసి ‘జే జే జే’ అని తిడుతూ అందరినీ పిలుస్తుంది. అందరూ కలిసి మీద మీదకి పోయి ఆ శత్రువుని తరిమేదాకా ఊరుకోరు. శత్రువు ఎంత ప్రమాదకరమో దాన్నిబట్టి ఆ తిట్ల తీరు మారుతుందని పరిశోధకులు పరీక్ష చేసి తేల్చారు. వీటికి పెద్ద గుడ్లగూబ కన్నా చిన్న గుడ్లగూబే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే చెట్ల మధ్య చురుగ్గా మలుపులు తిరిగి పట్టగలిగేది అదే. అందుకని చిన్నదాన్ని చూస్తేనే ఎక్కువ గోల.

మా అమ్మకి ఇవేవీ ఎవరూ నేర్పలేదు. సంక్రాంతి నాటికే, బయటకి చూడకుండా పప్పులో పోపు వేస్తూ, “ఎదురింటి పిల్లి వచ్చింది చూడు” అనేది. చూస్తే నిజంగానే పొద కింద ఆ నారింజ రంగు పిల్లి. నాకు ఆశ్చర్యంగా ఉండేది గాని ఆవిడకి లేదు. పెరట్లో గోరింకలు గోల చేస్తే పాము వచ్చిందని తెలుసుకుని చంటిపిల్లల్ని అరుగెక్కించిన తరం అది. భాష మారింది గాని సంగతి అదే.

ఇప్పుడు మోడు కథ. మా పెరట్లో చివరగా ఒక యాష్ చెట్టుండేది. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఆకుపచ్చని పురుగొకటి, ఎమరాల్డ్ యాష్ బోరర్ అంటారు, 2002లో మిషిగన్‌లో బయటపడింది. న్యూజెర్సీలో 2014లో కనిపించింది. దాని పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తవ్వి చెట్టుకి నీళ్ళు అందకుండా చేస్తాయి. మా చెట్టు 2017కల్లా చచ్చిపోయింది. యాష్ చెట్టు చచ్చాక కొయ్య త్వరగా పెళుసెక్కుతుంది, కొమ్మలు చెప్పకుండా విరుగుతాయి. పొరుగాయన మర్యాదగానే ఒక చీటీ రాశాడు. చెట్లు కొట్టేవాడిని పిలిచాం. అతను చుట్టూ తిరిగి చూసి, “ఇంటికి దూరంగానే ఉంది, పైభాగం అంతా తీసేసి 14 అడుగుల మొదలు నిలబెట్టి వదిలేస్తాను, మీకు మూడొందల డాలర్లు తగ్గుతాయి, పిట్టలకి పనికొస్తుంది” అన్నాడు. పిట్టల మీద ప్రేమో మూడొందల మీద ప్రేమో, నేను సరేనన్నాను.

ఇంట్లో మాత్రం ఎవరికీ నచ్చలేదు. మా ఆవిడ స్నేహితులు వచ్చినప్పుడల్లా దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. అమ్మ అయితే వచ్చిన మర్నాడే, “తలుపు తీయగానే ఎదురుగా మోడు కనిపించడం ఏం శకునంరా? కొట్టించెయ్యి” అంది. వసంతం వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేశాను. అప్పటికే ఎర్ర తల వడ్రంగిపిట్ట ఒకటి ఆ మోడులో, నేల నుంచి పది అడుగుల ఎత్తున, గుండ్రంగా కన్నం తొలిచి ఒక కాపు పిల్లల్ని పెంచుకుని వెళ్ళిపోయింది. చెక్క తొలిచే ముక్కు పిలకపిట్టకి లేదు. వడ్రంగిపిట్ట వదిలేసిన ఇంట్లోనో, కొమ్మ విరిగి కుళ్ళిన తొర్రలోనో గూడు పెట్టుకోవాలి. బతికిన చెట్లలో అలాంటి కన్నాలు తక్కువ. చచ్చిన చెట్టు కనిపించగానే మనం రంపం తెస్తాం. పెరట్లో పచ్చిక ఎంత నున్నగా, చెట్లు ఎంత నిండుగా ఉంటే అంత గొప్ప అనుకునే మన వీధుల్లో ఈ పిట్టకి తిండి ఉంటుంది గాని ఇల్లుండదు.

జనవరి చివర ఒక ఎండ పొద్దున పాట మొదలయింది. ఇంకా మంచు కరగలేదు. పిలకపిట్ట మగది చెట్టు చిటారున కూర్చుని గట్టిగా, తేటగా ఒకే మాట ఈలవేసినట్టు అంటుంది, అలా ఆగకుండా అంటూనే ఉంటుంది. అమెరికావాళ్ళకి అది ‘పీటర్, పీటర్, పీటర్’ అని వినిపిస్తుంది, పుస్తకాల్లోనూ అలాగే రాశారు. మా అమ్మకి ‘పీటెయ్, పీటెయ్, పీటెయ్’ అని వినిపించింది. “భోజనానికి వచ్చి పీట వెయ్యమంటోంది, వినపడలేదా?” అంది. ఆ తరవాత నాకు పీటర్ ఎంత ప్రయత్నించినా వినపడలేదు. ఈ వ్యాసం చదివాక మీకూ వినపడకపోతే దానికి నా పూచీ లేదు.

ఏప్రిల్ 12న అమ్మ తిరుగు ప్రయాణం. 2020 మార్చి నెలలో భారతదేశం అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. తక్కినదంతా మీకందరికీ అనుభవమే. అందరం ఇంట్లోనే. వీసా గడువు పెంచమని అర్జీ, రక్తపోటు మాత్రలకి వెతుకులాట, రోజూ ఊరికి ఫోన్లు. ఆవిడ పైకి ఏమీ అనేది కాదు. “రేపో ఎల్లుండో వదుల్తారులే” అని, సర్దిన పెట్టె రెండు నెలల దాకా విప్పలేదు. పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటిగా తీసి కట్టుకుని ఉతికి మళ్ళీ పెట్టెలోనే పెట్టేది.

ఏప్రిల్ నెలలో పిలకపిట్టకి పని ఎక్కువ. ఆడది ఆ మోడు కన్నంలోకి తడి ఆకులు, నాచు, గడ్డి, బెరడు పీచు చేరవేయడం మొదలుపెట్టింది. అడుగున ఇవి పరిచాక గుడ్లు పెట్టే చోట మెత్తటి పరుపు కావాలి. దానికి వెంట్రుకలు వెతుకుతుంది. ఎక్కడపడితే అక్కడ రాలిన వెంట్రుక ఏరుకుంటే ఫర్వాలేదు, ఈ పిట్ట బతికున్న జంతువు వీపు మీద వాలి పీకుతుంది. రకూన్లు, ఉడుతలు, కుక్కలు, చివరికి మనుషులు, ఎవరికీ మినహాయింపు లేదు. నిద్రపోతున్న రకూన్ మీద ఒక పిలకపిట్ట చేస్తున్న ఈ పనిని కళ్ళారా చూసిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పత్రాలు తిరగేస్తే శాస్త్ర గ్రంథాల్లో దీని ఊసు చాలా తక్కువ. జనం తీసి పెట్టిన వీడియోల్లో మాత్రం బోలెడు, అందులో ఎక్కువ భాగం ఈ పిట్టే. 2021లో వాళ్ళు ఈ అలవాటుకి ‘క్లెప్టోట్రికీ’ అని గ్రీకులో పేరు పెట్టారు, వెంట్రుకల దొంగతనం అని అర్థం. మా ఇంట్లో ఆ సంగతి అంతకు ఏడాది ముందే తెలుసు.

అమ్మ ఆదివారం తలంటుకుని డెక్ మీద ఎండలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకునేది. దువ్వెనకి వచ్చిన వెంట్రుకలు వేలికి చుట్టి ఉండ చేయడం ఆ తరం ఆడవాళ్ళ అలవాటు. ఊళ్ళో అయితే చూరులో దోపి దాస్తారు, సవరాలవాడో గిన్నెలవాడో వస్తే ఇచ్చి ఏదైనా పుచ్చుకుంటారు. ఇక్కడ చూరు లేదు, వాడూ రాడు. ఉండని డెక్ కమ్మీ సందులో దోపింది. మధ్యాహ్నానికి లేదు. మర్నాడు కావాలని ఇంకొకటి పెట్టి కిటికీలోంచి కాపు కాసింది. పిలకపిట్ట వచ్చి ఉండని లాగి, ముక్కు నిండా మీసాల్లా పట్టుకుని మోడులోకి పోయింది. ఆ తరవాతి ఆదివారం అమ్మ కుర్చీలో జుట్టు విరబోసుకుని కునుకు తీస్తుంటే అది కుర్చీ వీపు మీద వాలి, సరాసరి తల మీద నుంచే ఒకటి పీకింది. అమ్మ కేక, లోపల నుంచి చూస్తున్న మా అమ్మాయి నవ్వు, రెండూ ఒకేసారి వినిపించాయి. “ఏమే, పక్కన ఉండ పెట్టాను కదే, అడిగి తీసుకోలేవూ?” అని దాన్ని కేకలేసింది గాని, ఆ రోజు నుంచి మోడు కొట్టించమన్న మాట ఇంట్లో మళ్ళీ వినపడలేదు. తన వెంట్రుకలున్న ఇల్లు కదా.

గుడ్లు సాధారణంగా అయిదో ఆరో పెడుతుంది. ఆడది ఒక్కతే రెండు వారాల దాకా పొదుగుతుంది. మగది ఆహారం తెచ్చి అందిస్తుంది. పొదిగే సమయంలో ఎవరైనా కన్నంలో తల పెడితే లోపల నుంచి పాములా బుస కొడుతుంది. మా గూటి దగ్గరకి ఉడుత ఒకటి వెళ్ళి, ఏం విన్నదో గాని, వెనక్కి పల్టీ కొట్టి దిగిపోవడం మేము చూశాం. పిల్లలు పుట్టాక గింజలు బంద్. అన్నీ పచ్చి గొంగళిపురుగులే. ఏడాది మొత్తం మీద చూస్తే దీని తిండిలో మూడింట రెండొంతులు పురుగులే. డబ్బాలో గింజలు పోస్తే పిట్టని పోషిస్తున్నామని మనం అనుకుంటాం గాని, పిల్లల్ని పెంచేది ఓక్ చెట్టు ఆకుల మీద పురుగులు. పచ్చికకి పురుగుమందు కొట్టించడం ఆ ఏడు నుంచి మానేశాం.

మే చివర పిల్లలు బయటికి వచ్చాయి. నాలుగు లెక్కపెట్టాం. పిలక ఉంది గాని నుదుటి మీద నల్లమచ్చ ఇంకా రాలేదు. అమ్మ అది చూసి, “వాళ్ళమ్మ ఇంకా దిష్టిచుక్క పెట్టలేదు” అంది.

ఆగస్టులో మా పెద్ద మేనమామ పోయాడు. ఊళ్ళో ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. ఎవరినీ దగ్గరకి రానివ్వలేదు. అప్పటికి విమానాలు కొన్ని తిరుగుతున్నాయి, కాని 74 ఏళ్ళ మనిషిని ఆ పరిస్థితుల్లో ఎక్కించడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎక్కించినా అందేది కాదు. కార్యక్రమం ఫోన్లో చూసింది. కర్మ చేయవలసినవాళ్ళు కొడుకులు, వాళ్ళు చేశారు. ఈవిడ చేయవలసిందేమీ లేదు. పదో రోజు పొద్దున్నే స్నానం చేసి, అన్నంలో పప్పూ నెయ్యీ కలిపి ముద్ద చేసి, ఆకు లేదు గనక అరటిపండు తొక్క మీద పెట్టి, డెక్ కమ్మీ మీద ఉంచింది. అన్నయ్యకి పప్పూ నెయ్యీ ఇష్టం. లోపలికి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. నేను ఏమీ అడగలేదు.

కాకులు ఎప్పుడూ అరుస్తూ ఉండేవి, ఆ రోజు ఒక్కటీ లేదు. మొదట వచ్చింది పిలకపిట్ట. ముద్ద చుట్టూ గెంతి, తల వంచి చూసి, దానికి అన్నం అలవాటు లేదు గనక, కాస్త తిట్టి పోయింది. అర గంట గడిచింది. తరవాత నీలం రంగు బ్లూ జే ఒకటి వచ్చి దర్జాగా వాలి ముద్దలో సగం ఒకేసారి నోట కరుచుకుపోయింది. అమ్మ ముఖం చిన్నబోయింది. “కాకి ముట్టలేదురా” అంది. అది కూడా కాకి కుటుంబమేనమ్మా, నిజంగా, శాస్త్రప్రకారమే అన్నాను. నమ్మకం కలిగించడానికి చెప్పిన మాట కాదు అది. బ్లూ జే, కాకి ఒకే కుటుంబం, పుస్తకంలో చూపించాను. అమ్మ ఆ పేజీలో ఉన్న బొమ్మల్ని చాలాసేపు చూసింది. కాకి, దాని పక్కన జే. “అయితే సరే” అని వెళ్ళి పొయ్యి వెలిగించింది.

పిలకపిట్ట పిల్లలు ఎగరడం రాగానే వెళ్ళిపోయే రకం కాదు. ఆ చలికాలమంతా తల్లిదండ్రుల వెంటే తిరిగేవి ఉంటాయి. కొన్ని మరుసటి ఏడు కూడా ఆగి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ తిండి పెట్టడంలో సాయపడతాయి. వెళ్ళినవి కూడా మరీ దూరం పోవు. అయినా ఈ జాతి వందేళ్ళలో చాలా దూరం వచ్చింది. ఒకప్పుడు ఇది ఎక్కువగా దక్షిణాది పిట్ట. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి న్యూ ఇంగ్లండ్‌లోకి, ఆపైన కెనడా అంచుకీ చేరింది. శీతాకాలాల తీవ్రత తగ్గడం, వదిలేసిన పాత పొలాల్లో మళ్ళీ అడవి మొలవడం, జనం గింజలు పెట్టడం కారణాలంటారు. మనలాగా విమానమెక్కి ఒక్క రాత్రిలో కాదు, తరానికో నాలుగు చెట్లు జరిగి. ఉత్తర అమెరికాలో 1970 నుంచి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో లెక్క తేలింది. ఈ పిట్ట మాత్రం తగ్గలేదు, పెరిగింది.

అమ్మ 2021 జనవరిలో వెళ్ళింది. ఆర్నెల్లనుకున్నది పద్నాలుగు నెలలయింది. పిలకపిట్ట ఒక చలికాలం, ఒక కాపు, రెండో చలికాలం సగం ఆవిడ చూసింది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న నేను అందులో సగం కూడా అంతకుముందు చూడలేదు. ఊళ్ళో ఆవిడకి పలకరించేవాళ్ళున్నారు గనక ఫోన్ చేస్తే మా క్షేమం త్వరగానే ముగిస్తుంది. మోడు సంగతి మాత్రం విడిగా అడుగుతుంది.

మీలో ఎవరికైనా పెరట్లో చచ్చిన చెట్టుంటే, మీద పడే దూరంలో ఇల్లుగాని దారిగాని లేకపోతే, మొదలు పది పదిహేను అడుగులు ఉంచమని కొట్టేవాడిని అడగండి. తెలిసినవాడైతే ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెబుతాడు. చెట్టు లేకపోతే చెక్కపెట్టె చాలు, కన్నం అంగుళంపావు వెడల్పు ఉండాలి. అంతకన్నా పెద్దదైతే పిచ్చుకలు ఆక్రమిస్తాయి. చలికాలం ముందే కడితే మంచిది. గింజల డబ్బా రెండు వారాలకోసారి కడగాలి. మురికి డబ్బా దగ్గర పిట్టలకి రోగాలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటాయి.

మా మోడు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. మొదట్లో పుట్టగొడుగులు లేచాయి. కిందటి గాలివానకి పైన రెండడుగులు విరిగి పడింది. కన్నం దానికి కిందనే ఉంది.